జాతీయములు - వల్లెవేత

మన పాఠశాలలలో ఆంగ్ల జాతీయములను బోధించు విధము చూచినచో మాకు జాలి కలుగుచున్నది. ఎడమప్రక్క ఆంగ్లము, కుడిప్రక్క అర్థము. విద్యార్థి వల్లెవేయును, పరీక్షలో మార్కులు తెచ్చుకొనును, మఱునాటికి మఱచును. చిరకాలముగా సాగుచున్నది గనుక ఈ పద్ధతి మంచిదనువారితో మేము ఏకీభవింపజాలము. ఇది జాతీయములను నేర్పుట కాదు, వానిని చంపి ఎండబెట్టుట.

ఆ పట్టికలందు తప్పక కానవచ్చునది కుక్కలును పిల్లులును వర్షించుట. మన విద్యార్థులు వ్రాసినన్ని మారులు ఆంగ్లేయులు ఆ మాటను పలుకుదురని మేము నమ్మము. నిత్యవ్యవహారమున మనవారిని చిక్కుపెట్టునవి ఇట్టి వింత మాటలు కావు, చిన్న మాటలు. 'పుట్' తెలిసి, 'అప్' తెలిసి, 'విత్' తెలిసినవాడు 'పుట్ అప్ విత్' అనగా ఓర్చుకొనుట యని ఊహింపగలడా? 'టర్న్ డౌన్' అనునది ఒకచోట నిరాకరించుట, మఱియొకచోట రేడియో ధ్వనిని తగ్గించుట. ఎన్ని పట్టికలు వ్రాసినను ఇవి తరుగవు.

నేర్పవలసినది జ్ఞాపకము కాదు, అనుమానము. ఈ మాట అక్షరార్థమున ఇచ్చట పొసగుచున్నదా యని ఆగి చూచుకొను అలవాటే కావలయును. ఈ అలవాటు మన యిండ్లలో లేనిది కాదు. కొడుకు కొఱకు కన్నులు కాయలు కాచునట్లు ఎదురుచూచితి నని తల్లి చెప్పినప్పుడు ఆమె కంటిలో కాయలకై ఎవరును వెదకరు. కట్నమడుగుట న్యాయమా యని నిలదీయగా వరుని తండ్రి నీళ్ళు నమిలినాడన్నచో (నమలక యేమి చేయును!) చెంబెక్కడ నని అడుగు పిల్లవాడు లేడు. అక్షరము రాని ముసలమ్మకు సైతము కలిగిన ఈ వివేకమును బడిగడప వెలుపల విడిచి రమ్మనుటయే మా ఆక్షేపణకు మూలము.

జాతీయమునకు గల బిగువు కూడ తెలుగు ద్వారా సులభముగా తెలియును. 'కిక్ ది బకెట్' అనగా చచ్చుట. దానిని కర్మణి ప్రయోగమునకు మార్చి 'ది బకెట్ వాజ్ కిక్డ్' అన్నచో చావు పోయి ఉత్త బాల్చీ మిగులును. 'నీళ్ళు అతనిచే నమలబడినవి' అని చూడుడు, నవ్వు రాకపోదు. అన్నియు ఇంత బిగువైనవి కావు. రహస్యము వెళ్ళగక్కుట యను అర్థము గల 'స్పిల్ ది బీన్స్' కర్మణిలోను నిలుచును.

తెలుగును తోడు తెచ్చుకొన్నచో మక్కికి మక్కి అనువాదము అలవడునని కొందఱి భయము. కాలు లాగుట యన్నచో మనకు పైకి వచ్చువానిని పడద్రోయుట; ఆంగ్లమున కాలు లాగుట పరిహాసమాడుట. రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూపనిచో ఈ భేదము విద్యార్థికి ఎట్లు తెలియును? పోల్చుట వలన కాదు, పోల్చకపోవుట వలననే పొరపాటు కలుగుచున్నది.

ఇది పరీక్షలతో ముగియు విషయమైనచో మేమింత వ్రాయకపోదుము. పెక్కు తెలుగు కుటుంబముల బిడ్డలు అమెరికాలో చదువుచు, ఉద్యోగములు చేయుచు ఉన్నారు. 'దీనిని మఱల చూడదలతురేమో' అని పై యధికారి మృదువుగా ఆంగ్లమున అనును. వ్యాకరణము తెలిసిన మనవాడు అది తన యిష్టమునకు విడువబడినదని తలచి ఊరకుండును. అది ఆజ్ఞ. భోజనమునకు పిలువబడిన స్నేహితుడు 'రెయిన్ చెక్' తీసికొందు ననును. వానవలన బేస్‌బాల్ ఆట నిలిచినప్పుడు మఱియొకనాటి ఆటకు చెల్లునట్లు ప్రేక్షకుల కిచ్చు చీటి అది; ఇప్పుడు కాదు, ఇంకొకసారి యని భావము. ఆ యాట నెఱుగనివాడు వానకును విందునకును సంబంధ మేమని ఆలోచించుచు కూర్చుండును.

ఇట్టివారిని చూచి నవ్వువారు మనలో కలరు. వారికి ఒక్క సంగతి చెప్పుదుము. 'టేబుల్' చేయుట బ్రిటిషువారికి వెంటనే చర్చకు పెట్టుట, అమెరికనులకు వాయిదా వేయుట. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇరుదేశముల సేనాధికారులును ఒకటే కోరుచు, ఈ మాట మూలమున చాలసేపు వాదులాడుకొనిరని చర్చిల్ తన యుద్ధచరిత్రలో వ్రాసినాడు. ఆ భాషను తల్లి యొడిలో నేర్చినవారికే ఈ గతి పట్టెను గదా!

కావున ఉపాధ్యాయులు పట్టికలను కట్టిపెట్టి, ఆంగ్ల వార్తాపత్రికలో ఒక పుట చదివించి, అక్షరార్థము పొసగని చోటనెల్ల గీత గీయింపవలయును. ముందు వెనుకల మాటలనుబట్టి భావమును ఊహింప జేసి, దానికి మన యింట ఏమందురో అడుగవలయును. ఇందుకు ఇంటనున్న తల్లులును తోడ్పడగలరు, ఆంగ్లము రాకున్నను.

మనవారు వాడుకలో నిలుపుకొన్న ఆంగ్ల జాతీయములును లేకపోలేదు. 'పాస్ ఔట్' అనగా మనకు పట్టము పుచ్చుకొనుట. ఇది నిరాధారము కాదు. బ్రిటిషు సైనిక శిక్షణాలయములలోను ఇట్టి యర్థము కలదు. అమెరికాలో మాత్రము ఆ మాటకు స్పృహ తప్పుట యని అర్థము. '2019లో పాస్ ఔట్ అయితిని' అని మన యువకుడు సగర్వముగా చెప్పగా, ఎదుటివారు ఇప్పుడు ఒంట్లో కులాసాయేనా యని పరామర్శించినచో, ఆ పరామర్శ ఎందుకు వచ్చెనో అతడు కంఠస్థము చేసిన పట్టికలో ఎక్కడ వెదకుకొనును?