సీటు దక్కినా.. చదువు సాగేనా?
కరవు సీమలో నర్సింగ్ విద్యార్థినులకు అడుగడుగునా పరీక్షే
తొలి సెమిస్టర్ గట్టెక్కడమే అసలు సవాలు

అనంతపురం: ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడగానే పల్లెల్లో ఒకే ప్రశ్న. బైపీసీ చదివిన ఆడపిల్లను ఇకపై ఏం చదివించాలి? ఎంబీబీఎస్ అందని ద్రాక్ష. సాధారణ డిగ్రీ పూర్తిచేసినా కొలువు ఎప్పుడు వస్తుందో తెలియదు. నర్సింగ్ అయితే నాలుగేళ్లలో కుటుంబానికి ఆసరా దొరుకుతుందన్నది తల్లిదండ్రుల ఆశ. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే ఈ నేలపై వేరుశనగను నమ్ముకొని నష్టపోయిన కుటుంబాలకు ఆ ఆశ చిన్నదేమీ కాదు. అయితే సీటు దక్కించుకోవడంపై ఉన్న శ్రద్ధ, ఆ చదువును చివరిదాకా నిలబెట్టుకోవడంపై కనిపించడం లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ప్రవేశానికి అర్హత ఇదీ

నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌లో చేరాలంటే భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతోపాటు ఆంగ్లం చదివి ఇంటర్మీడియట్‌లో 45 శాతం మార్కులు సాధించాలి. ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం చాలు. ప్రవేశం పొందే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. రాష్ట్రంలో సీట్ల భర్తీని విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం చేపడుతోంది. ఒకప్పుడు ఇంటర్ మార్కులే ప్రాతిపదిక. ఇప్పుడు ప్రవేశ పరీక్ష ర్యాంకు కీలకమైంది. జాతీయ స్థాయిలో ఉమ్మడి ప్రవేశ విధానం ఉండాలని 2023లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం నిర్దేశిస్తోంది. పరీక్ష రాయని విద్యార్థినికి మంచి మార్కులున్నా కన్వీనర్ కోటా సీటు దక్కడం గగనమే. పల్లెల్లోని జూనియర్ కళాశాలల్లో ఈ సమాచారం అందరికీ సకాలంలో చేరడం లేదు. దరఖాస్తు గడువు ముగిశాక తెలుసుకొని వాపోయేవారే ఎక్కువ.

బీఎస్సీలో సీటు రానివారికి మూడేళ్ల జీఎన్‌ఎం, రెండేళ్ల ఏఎన్‌ఎం కోర్సులున్నాయి. జీఎన్‌ఎం పూర్తిచేసినవారు ఆ తరువాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ ద్వారా పట్టా పొందవచ్చు. దారి కొంత చుట్టు తిరిగినా గమ్యం ఒకటే.

భాషే తొలి అవరోధం

తొలి సెమిస్టర్‌లోనే శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం, సామాజిక శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం, నర్సింగ్ మౌలికాంశాలు ఒక్కసారిగా ఎదురవుతాయి. పుస్తకాలన్నీ ఆంగ్లమే. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటర్‌లో ప్రశ్న, జవాబు కంఠస్థం చేసి గట్టెక్కిన విద్యార్థినికి ఇది కొరుకుడు పడదు. ఎముకల పేర్లు నేర్చుకోవడం కంటే, ఆ పేర్లున్న వాక్యాన్ని అర్థం చేసుకోవడమే కష్టం. రెండో సెమిస్టర్‌లో జీవ రసాయన శాస్త్రం, మూడో సెమిస్టర్‌లో సూక్ష్మజీవ శాస్త్రం, ఔషధ శాస్త్రం వచ్చి పడతాయి. మోతాదు లెక్కలో దశాంశ బిందువు తప్పితే రోగి ప్రాణానికే ముప్పు. కాబట్టి ఇక్కడ బట్టీ విద్య పనికిరాదు.

ప్రధాన సబ్జెక్టుల్లో రాత, ప్రాక్టికల్ పరీక్షల్లో విడివిడిగా 50 శాతం మార్కులు తెచ్చుకోవాలి. తప్పిన సబ్జెక్టులు పూర్తిచేయనిదే పై సెమిస్టర్ల పరీక్షలకు అనుమతించని నిబంధనా ఉంది. మొత్తం కోర్సును ఎనిమిదేళ్లలోగా ముగించాలి. తొలి ఏడాదిలో తడబడినవారికి ఆ భారం చివరిదాకా వెంటాడుతుంది.

హాజరు నిబంధన.. పేదరికం పోటు

భారత నర్సింగ్ మండలి నిబంధనల ప్రకారం పరీక్ష రాయాలంటే తరగతి హాజరు 80 శాతం తప్పనిసరి. ఆసుపత్రి వార్డుల్లో చేసే క్లినికల్ శిక్షణకు పట్టా చేతికందేలోగా నూటికి నూరు శాతం హాజరు ఉండాలి. ఒక్కరోజు తప్పినా తరువాత పూరించాల్సిందే. రోగి భద్రత దృష్ట్యా ఈ నిబంధన సమంజసమే. సూది వేయడం, ప్రసవం చూడటం, ప్రాణాపాయంలో ఉన్నవారికి ఊపిరి అందించడం పుస్తకం చదివితే వచ్చే విద్యలు కావు.

అయితే కరవు జిల్లాలో ఈ నిబంధన ఎవరిపై భారమవుతోందో గమనించాలి. పట్టణ విద్యార్థిని జ్వరం వస్తేనే సెలవు పెడుతుంది. పల్లె నుంచి వచ్చిన అమ్మాయికి వేరుశనగ కోతలకు ఇంటి నుంచి పిలుపు వస్తుంది. తల్లిదండ్రులు బెంగళూరుకు వలస పోతే ఇంట్లో ముసలివారిని, తమ్ముళ్లను చూసుకునే బాధ్యత ఆమెపైనే పడుతుంది. బోధన రుసుము విడుదలలో జాప్యం జరిగితే కళాశాల నుంచి ఒత్తిడి. వారం రోజులు ఊరికి వెళ్లిన విద్యార్థిని వార్డు పోస్టింగ్ కోల్పోతుంది. దాన్ని పూరించే నాటికి పరీక్షలు ముంచుకొస్తాయి. చివరకు రికార్డుల్లో మిగిలేది ‘అనుత్తీర్ణత’ అన్న ఒక్క మాట. చదువు రాక తప్పినవారు, ఇంటి పరిస్థితి వల్ల తప్పినవారు ఆ మాట వెనుక ఒక్కటైపోతున్నారు. ఈ తేడాను గుర్తించనంతకాలం పరిష్కారం దొరకదు.

బత్తలపల్లి చెబుతున్న పాఠం

పల్లె బాలికలు ఈ చదువుకు తగరన్న అపోహను పటాపంచలు చేసే ఉదాహరణ ఉమ్మడి జిల్లాలోనే ఉంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఆరంభించిన గ్రామీణాభివృద్ధి సంస్థ ఆర్డీటీ, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్న బత్తలపల్లిలో ఆసుపత్రిని నెలకొల్పింది. అక్కడే నర్సింగ్ శిక్షణకూ ఏర్పాట్లు చేసింది. 2020లో కరోనా విజృంభించినప్పుడు ఆ ఆసుపత్రి కొవిడ్ చికిత్సా కేంద్రంగా సేవలందించింది. పాఠశాల, వసతి, రోగులతో నిండిన వార్డు ఒకేచోట ఉండటం పేద విద్యార్థినికి ఎంతో మేలు. ప్రయాణ ఖర్చు ఉండదు, పోస్టింగ్ తప్పదు, సందేహం వస్తే అడగడానికి సీనియర్ నర్సు పక్కనే ఉంటుంది. అనంతపురం సర్వజనాసుపత్రి వంటి పెద్ద బోధనాసుపత్రిలో శిక్షణ పొందేవారికీ రోగుల కొరత ఉండదు.

ఆసుపత్రి లేని కళాశాలలో చేరితే దీనికి పూర్తి విరుద్ధం. ఒక్కో విద్యార్థికి కనీసం ముగ్గురు రోగులుండాలన్నది మండలి ప్రమాణం. పడకలు కాగితాలపై ఉండి వార్డులు వెలవెలబోతుంటే నేర్చుకునేదేమిటి?

బెంగళూరు బాటలో జాగ్రత్త

సరిహద్దు దాటితే చాలు, కర్ణాటకలో నర్సింగ్ కళాశాలలకు కొదవ లేదు. జిల్లా నుంచి ఏటా ఎందరో అటు వెళుతున్నారు. మధ్యవర్తుల మాటలు నమ్మి చేరేముందు నాలుగు విషయాలు విచారించాలి. సంబంధిత విశ్వవిద్యాలయ అనుబంధం, రాష్ట్ర నర్సింగ్ మండలి గుర్తింపు ఉన్నాయా? క్లినికల్ శిక్షణ ఏ ఆసుపత్రిలో, అక్కడ రోగులు ఎందరు? రుసుముతోపాటు వసతి, యూనిఫాం, పరీక్ష ఖర్చులు కలిపి నాలుగేళ్లకు మొత్తం ఎంత? మూల ధ్రువపత్రాలు ఎవరి వద్ద ఉంటాయి? విద్యాసంస్థలు వాటిని అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. పట్టా పొందాక సొంత రాష్ట్రంలో పనిచేయాలంటే ఇక్కడి నర్సింగ్ మండలిలో నమోదు కావాలన్న సంగతీ మరువరాదు.

కష్టానికి తగ్గ ఫలితమేదీ?

ఇంత శ్రమపడి బయటకు వస్తే జీతం ఎంతన్నది మరో ప్రశ్న. ప్రైవేటు నర్సుల వేతనాలపై సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశాలతో కేంద్రం నిపుణుల కమిటీని నియమించింది. 50 పడకలలోపు ఆసుపత్రిలోనైనా నెలకు రూ. 20 వేలకు తగ్గరాదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ సిఫార్సు చేసింది. అమలు బాధ్యతను రాష్ట్రాలకు వదిలారు. చిన్నపాటి నర్సింగ్‌హోంలలో ఆ సిఫార్సు మాటే వినిపించదు. అందుకే నైపుణ్యం ఉన్నవారు బెంగళూరుకు, అక్కడి నుంచి గల్ఫ్‌కు, బ్రిటన్‌కు, జర్మనీకి దారి పడుతున్నారు. ప్రపంచవ్యాప్తంగా 58 లక్షల మంది నర్సుల కొరత ఉన్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో వెలువరించిన నివేదిక తేల్చింది. బయటి ప్రపంచం మన పిల్లల కోసం ఎదురుచూస్తుంటే, వారిని కని పెంచిన పల్లె ఆరోగ్య కేంద్రం మాత్రం చిన్నబోతోంది.

చేయాల్సిందేమిటి?

పరిష్కారాలు కోట్ల రూపాయలతో ముడిపడినవి కావు. తరగతులకు ముందు నెల రోజులు ఆంగ్లం, మందుల లెక్కలపై వారధి శిక్షణ ఇవ్వాలి. మొదటి ఏడాది విద్యార్థినికి ఒక సీనియర్‌ను తోడుగా నియమించాలి. కోల్పోయిన క్లినికల్ రోజులను సెలవుల్లో పూరించుకునే వీలును ముందుగానే ప్రకటించాలి. వలస కుటుంబాల పిల్లలకు సంక్షేమ వసతి గృహాల్లో ప్రాధాన్యమివ్వాలి. బోధన రుసుములు సకాలంలో విడుదల చేయాలి. హామీ లేకుండా రూ. 7.5 లక్షల వరకు విద్యా రుణం పొందే వెసులుబాటుందని బ్యాంకులు పల్లెల్లో ప్రచారం చేయాలి.

విత్తనం వేసిన రైతుకు వాన రాకపోతే పంట ఎండిపోతుందని ఈ జిల్లాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సీటు ఇవ్వడం విత్తడం వంటిదే. తొలి ఏడాది ఒక్క తడి అందిస్తే ఆ మొక్క నిలుస్తుంది. అది పట్టించుకోకుండా ఉత్తీర్ణత శాతం తగ్గిందని విద్యార్థినులను నిందించడం న్యాయం కాదు.