పడవ సరే... తెడ్డు సంగతేంది?

బేరం కుదిరింది. డబ్బులు చేతులు మారాయి. నర్సంపేట వైపు ఓ చెరువు కట్ట కింద ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. నలుగురు కలిసి ఫైబర్‌ పడవను ఎత్తి అందులోకి ఎక్కించారు. కొన్న కుర్రాడు పడవలోకి తొంగి చూశాడు. ఖాళీగా ఉంది.

‘‘కాకా, తెడ్డేది?’’

‘‘ఇంటికాడున్నది.’’

‘‘మరి తేలేదేంది?’’

‘‘పడవ అమ్మిన గని, తెడ్డు అమ్మిన్నా బిడ్డా?’’

కుర్రాడికి చిర్రెత్తుకొచ్చింది. ‘‘తెడ్డు లేని పడవను నేనేం జేసుకోవాలె? బర్లకు కుడితి పొయ్యాల్నా?’’ అన్నాడు. కట్ట మీద కూర్చున్నవాళ్లంతా ఘొల్లుమన్నారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. ఆ తెడ్డు ఆయన ఊళ్లో వడ్రంగితో దగ్గర కూర్చుని చెక్కించుకున్నది. పట్టుకునేచోట ఆయన అరచేయి ఆనవాలు పడి నున్నగా అయిపోయింది. పడవలైతే ఇది మూడోది. తెడ్డు మాత్రం అప్పట్నుంచీ ఒక్కటే.

ఎవరిది న్యాయం? నిజం చెప్పాలంటే ఇద్దరిదీ. తప్పల్లా ఒక్కటే... ఈ మాట డబ్బులు చేతులు మారకముందే అనుకోవాల్సింది. స్కూటర్‌ అమ్మేటప్పుడు స్టెప్నీ ఉందా లేదా అని చూస్తాం. ట్రాక్టర్‌ అమ్మేటప్పుడు కేజీవీల్స్‌ ఇస్తున్నావా, ఉంచుకుంటున్నావా అని ముందే తేల్చుకుంటాం. (ఇల్లు అమ్మి, రిజిస్ట్రేషన్‌ అయ్యాక ఫ్యాన్లు విప్పుకుపోయిన ఘనులు కూడా లేకపోలేదు.) పడవ దగ్గరికొచ్చేసరికి ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. పడవంటే పడవే కదా అనుకుంటారు.

పడవ ఎవరిది, దాంతోపాటు ఉన్న సామాను ఎవరిది అన్న లెక్క వరంగల్‌కు కొత్తేం కాదు. ఓరుగల్లు నుంచి పాలించిన కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఓ శాసనం వేయించాడు. మోటుపల్లి ఇప్పటి బాపట్ల జిల్లాలోని తీరగ్రామం. అప్పట్లో పెద్ద ఓడరేవు. తుపానుకు చిక్కి ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు... అన్నిటినీ అంతకుముందు రాజులు తమ ఖజానాకు జమ చేసుకునేవారట. గణపతిదేవుడు అది కుదరదన్నాడు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చినవాడి సొత్తు వాడిదే, మాకు రావాల్సింది నిర్ణయించిన సుంకం మాత్రమేనని రాయించాడు. ఆ సుంకం ముప్ఫయింట ఒక వంతు. అభయ శాసనం అన్న పేరు దానికి అలా వచ్చిందే. ఓడ మునిగాక వాటాల కోసం కొట్టుకునే బదులు, ఏది ఎవరిదో ముందే రాతి మీద చెక్కించేశారన్నమాట.

చెరువు కట్ట మీది బేరానికి రాతి శాసనం అక్కర్లేదు. నోటుబుక్కులో ఓ కాగితం చాలు. అందులో ఏం రాయాలన్నదే ప్రశ్న.

కాకతీయులు పోయినా వాళ్లు తవ్వించిన చెరువులు మిగిలాయి. పాకాల, లక్నవరం, రామప్ప... వీటి మీద ఎన్నో మత్స్యకార కుటుంబాలు బతుకుతున్నాయి. థర్మోకోల్‌ తెప్ప మీద కూర్చుని వల వేసేవాళ్లు కొందరైతే, కాస్త కూడబెట్టుకుని చిన్న ఫైబర్‌ పడవ కొనుక్కున్నవాళ్లు ఇంకొందరు. కొత్తది కొనలేనివాళ్లకు పాత పడవే గతి. అందుకే ఈ చేతి నుంచి ఆ చేతికి పడవలు మారుతుంటాయి. మారేటప్పుడు పాత యజమాని ఇంటి వెనక పోగుపడిన సామానంతా బయటికొస్తుంది. చిరిగిన వల, సగం గట్టిపడిన రెసిన్‌ డబ్బా, ఎండకు పెళుసెక్కిన తాడు, ఒంటి తెడ్డు. ‘అన్నీ తీస్కపో, ఫిరీగ ఇస్తున్న’ అంటాడు అమ్మేవాడు. కొనేవాడు సంబరపడతాడు. నిజానికి అందులో సగం చెత్త. అమ్మేవాడి పెరడు శుభ్రమైంది, అంతే!

ఇవ్వాల్సినవేవో, ఉంచుకోవాల్సినవేవో తేల్చడానికి అనుభవమున్న మత్స్యకారులు ఒక్క ప్రశ్న వేసుకుంటారు. ‘ఇది లేకుంటే పడవ ఒడ్డుకొస్తదా?’ రాదంటే అది పడవలో భాగమే. తెడ్డు, కట్టేసే తాడు, లంగరు, లోపలికొచ్చిన నీళ్లు తోడే డబ్బా... వీటికి వేరే ధర అడగకూడదు. చిన్న చెరువుల్లో లంగరంటే తాడుకు కట్టిన బండరాయే కావచ్చు. నీళ్లు తోడే డబ్బా అంటే అడ్డంగా కోసిన నూనె క్యాన్‌ కావచ్చు. విలువ రూపాయి కూడా చేయకపోవచ్చు. కానీ చెరువు నడిమధ్యలో గాలివాన పట్టుకుంటే ఆ క్యాన్‌ ముక్క విలువ పడవకున్నంత!

లైఫ్‌ జాకెట్ల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి.

2019 సెప్టెంబరు 15... వరంగల్‌ వాళ్లు మరిచిపోలేని ఆదివారం. గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ రాయల్‌ వశిష్ఠ మునిగిపోయింది. పాపికొండలు చూడ్డానికి బయల్దేరినవాళ్లలో కాజీపేట పక్కనున్న కడిపికొండ బృందం కూడా ఉంది. వెళ్లింది 14 మంది. తిరిగొచ్చింది ఐదుగురు. అప్పుడు ప్రాణాలతో బయటపడ్డవాళ్లలో చాలామంది ఒంటి మీద లైఫ్‌ జాకెట్‌ ఉంది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం తాళ్లు, లంగర్లతో రోజుల తరబడి కష్టపడి అక్టోబరు 22న పడవను వెలికితీసింది.

చెరువులో చేపల వేటకూ గోదావరిలో విహారానికీ పోలికేంటి అనొచ్చు. ఈతొచ్చినవాడికి జాకెట్టెందుకని మన చెరువుల దగ్గర నవ్వేవాళ్లూ ఉన్నారు. వల కాళ్లకు చుట్టుకున్నాక ఈత ఏపాటి పనికొస్తుందో ఆ నవ్వేవాళ్లకే బాగా తెలుసు. కాబట్టి జాకెట్లుంటే పడవతోపాటు ఇచ్చేయాల్సిందే. ఒక్క షరతు మాత్రం ఉంది... అవి పనిచేసేవై ఉండాలి. పాడైపోయిన జాకెట్‌ ఇవ్వడం కన్నా అసలివ్వకపోవడమే నయం. లేదని తెలిస్తే కొత్తది కొనుక్కుంటాడు. ఉందనుకుంటే దాన్నే నమ్ముకుంటాడు.

పరీక్ష పెద్ద కష్టమేం కాదు. బెల్టు గట్టిగా లాగి చూడాలి. కుట్లు ఊడుతున్నాయా, బకిల్‌ సరిగ్గా పడుతోందా గమనించాలి. ఎండకు రంగు పూర్తిగా వెలిసి, బట్ట గోటితో గీకితేనే పొడిలా రాలుతుంటే దాని ఆయుష్షు తీరినట్టే. తర్వాత దాన్ని వేసుకుని, పక్కన మరో మనిషి ఉండగా, మొల లోతు నీళ్లలో కాళ్లెత్తి తేలి చూడాలి. లోపలి ఫోమ్‌ నీళ్లు తాగితే జాకెట్‌ బరువెక్కి కిందికి జారుతుంది. ఎన్ని కిలోల మనిషికి పనికొస్తుందో లోపల చీటీ మీద రాసి ఉంటుంది. అదీ చదవాలి. పిల్లల జాకెట్‌ పెద్దవాణ్ని మోయదు, పెద్దవాళ్ల జాకెట్లోంచి పిల్లాడు జారిపోతాడు.

తాళ్లదీ ఇదే కథ. నైలాన్‌ తాడు ఎండలో ఏళ్ల తరబడి పడి ఉంటే పైన నూగులా లేచి, వంచితే కరకరమంటుంది. అలాంటిది ఇవ్వకూడదు. రెసిన్‌ డబ్బా సగం ఉంది కదా, చిల్లు పడితే వేసుకుంటాడులే అని ఇచ్చేవాళ్లుంటారు. మూత తీసిన రెసిన్‌ నెలల్లోనే జిగురులా మారి పనికి రాకుండా పోతుంది. ఇస్తే ఫైబర్‌ మ్యాట్‌ ముక్క ఇవ్వండి, అది పొడిగా ఉంచితే పాడుకాదు. పడవకు ఎక్కడ అతుకు వేశారో చూపించండి. అది పైసా ఖర్చు లేని సాయం, డబ్బా రెసిన్‌ కన్నా ఎక్కువ ఉపయోగం.

ఇంజిన్‌ ఉన్న పడవైతే లెక్క కొంచెం మారుతుంది. యంత్రంతో నడిచే పడవలకు రిజిస్ట్రేషన్‌, తనిఖీ ఉండాలని 2021 నాటి ఇన్‌లాండ్‌ వెసల్స్‌ చట్టం చెబుతోంది. 1917 నుంచి ఉన్న పాత చట్టం స్థానంలో వచ్చిందిది. అలాంటి పడవకు ఆ కాగితాలే మొదటి సామాను. ఇక విడిభాగాల్లో అమ్మేవాళ్లు గొప్పగా చూపించేది అదనపు పంకా. అడగడం మరిచిపోయేది షియర్‌ పిన్ను. వేలెడంత ఉండే లోహపు పుల్ల అది. చిన్న అవుట్‌బోర్డు ఇంజిన్లలో చాలావాటికి ఉంటుంది. నీళ్లలో మునిగిన మోడుకు పంకా తగిలితే ఇంజిన్‌ దెబ్బతినకుండా ఈ పుల్ల ముందు తెగిపోతుంది. తెగిందా, ఇంజిన్‌ తిరుగుతూనే ఉంటుంది, పడవ మాత్రం కదలదు. మన చెరువుల్లో మోడులకేం కొదవ? నాలుగు పిన్నులు, ఒక స్పార్క్‌ ప్లగ్గు, వాటిని విప్పే పానా ఓ డబ్బాలో వేసి ఇస్తే అంతకన్నా మంచి కానుక లేదు. ఇంజిన్‌ ఆపేందుకు చేతికి కట్టుకునే తాడు ఉంటే అదీ తప్పనిసరి. టూస్ట్రోక్‌ ఇంజిన్‌ అయితే పెట్రోల్లో ఆయిల్‌ ఎంత కలపాలో రాసివ్వాలి.

మరి వలలు? ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు. వల పడవది కాదు, వేటాడే మనిషిది. ఏ చెరువులో ఏ చేప, దానికి ఎంత కన్ను వల అన్నది చెరువును బట్టి మారుతుంది. లోతు చెరువు వల నిస్సారమైన కుంటలో దండగ. పైగా పడవ కొన్నంత మాత్రాన చేపలు పట్టే హక్కు వెంట రాదు. అది మత్స్య సహకార సంఘం సభ్యత్వంతో ముడిపడ్డది. అందుకే వలను విడిగా చూపించి, విడిగా ధర చెప్పడమే మేలు. అక్కర్లేకపోతే కొనడు. రాయితీ మీద వచ్చిన వలలు, ఐస్‌ పెట్టెలైతే చేయి మార్చే ముందు సంఘంలో ఓ మాట అడగడం మంచిది.

ఇంకో భ్రమ కూడా ఉంది. సామాను ఎంత ఎక్కువిస్తే ధర అంత పెరుగుతుందని. పెరగదు. చేయి తిరిగిన మత్స్యకారుడి దగ్గర తన సామాను తనకుంటుంది, నీ తాడు చూసి వెయ్యి ఎక్కువివ్వడు. మొదటిసారి కొనేవాడి సంగతి వేరు. ఏం కావాలో కూడా వాడికి తెలీదు. అన్నీ ఉన్న పడవైతే త్వరగా అమ్ముడవుతుంది, మర్నాడు ఫోన్లు రావు. అమ్మేవాడికి దక్కే లాభం అదే. కొనేవాణ్ని బట్టి మూట కట్టాలి తప్ప పెరట్లో ఏముందో దాన్ని బట్టి కాదు.

చెరువు కట్ట మీద గొడవ అరగంట సాగింది. చివరికి సంఘం పెద్దమనిషి ఒకాయన కల్పించుకున్నాడు. ‘‘నీ తెడ్డు నువ్వుంచుకో. కొత్తది చెక్కిచ్చి ఇయ్యి. అందాక నా దాంట్ల ఒకటి పట్కపోతడు’’ అన్నాడు. పెద్దాయన కాసేపు ఆలోచించి తలూపాడు. ఇంటికి మనవణ్ని పంపి మంచి తాడు, లంగరు రాయి, నీళ్లు తోడే క్యాన్‌ తెప్పించాడు. రెండు జాకెట్లు కూడా వచ్చాయి. ఒకదాని బెల్టు ఆయన లాగి చూడగానే చేతిలోకి ఊడొచ్చింది. దాన్ని పక్కన పడేశాడు.

మనవడు లెక్కల నోటుబుక్కులోంచి కాగితం చింపి రాస్తున్నాడు. తాడు ఒకటి, రాయి ఒకటి, క్యాన్‌ ఒకటి, జాకెట్‌ ఒకటి, తెడ్డు... బాకీ.

‘‘ఇంకోటి రాయిరా’’ అన్నాడు పెద్దాయన. ‘‘ముంగట ఎడమ దిక్కు అతుకున్నది. వానకాలం ముంగల చూస్కోవాలె.’’