గోడమీది పాతపటము

2008వ సంవత్సరము మార్చిలో శంషాబాదునందు విమానాశ్రయము వెలసిన పిమ్మట ఆ చుట్టుపట్ల పాత యిండ్లు పడగొట్టి మేడలు కట్టుట పరిపాటియైనది. ఇల్లు ఖాళీచేయునపుడు అటకమీది సామగ్రితోపాటు పాత పటములును బయటపడును. వానిలో ఆంగ్లదేశపు పల్లెపట్టును చూపు నల్లని అచ్చుపటమేదైన నున్నచో, పాతసామానులవానికి తూచి యిచ్చుటకు ముందు ఒక్కసారి పరికింపుడని మా మనవి.

అట్టి పటములలో మెజోటింటు అనునది యొక విశేషమైన పద్ధతి. క్రొత్తగా గంట్లు పెట్టించిన సన్నెకల్లుమీద పసుపు నూరి, గుడ్డతో తుడిచి చూడుడు. గంట్లలో పసుపు నిలుచును. అరగి నునుపైన చోట నిలువదు. ఇందలి మర్మమును అదియే. చిత్రకారుడు రాగిరేకునుగాని ఉక్కురేకునుగాని పండ్లుగల పనిముట్టుతో అంతటను గఱుకు చేయును. అప్పుడే సిరా పూసి అచ్చొత్తినచో కాగితమంతయు కాఱునలుపు. పిదప వెలుగు కావలసినచోట్ల గీకి, మెఱుగుపెట్టి నునుపు చేయును. తక్కిన చిత్రములు తెల్లకాగితముమీద నలుపు నిడుటచే పుట్టును. ఇది చీకటినుండి వెలుగును తీయుటచే పుట్టును. ఈ పద్ధతిని కనిపెట్టిన లుడ్విగ్ ఫాన్ సీగెన్ 1642లో వెలువరించిన మొదటి పటము ఒక స్త్రీమూర్తిదే. ఆమె జర్మనీలోని హెస్సె-కాసెల్ సంస్థానమును పాలించిన అమేలియా ఎలిజబెత్.

పల్లెపట్టుల పటములలో మిక్కిలి పేరుగన్నవి జాన్ కాన్‌స్టబుల్ చిత్రములనుబట్టి డేవిడ్ లూకాస్ ఉక్కురేకులపై చెక్కినవి. 1830 మొదలు 1832 వఱకు 22 పటములు వెలువడెను. కాన్‌స్టబుల్ తండ్రి స్టూర్ నదియొడ్డున మరలు నడిపి పిండి ఆడించినవాడు. కుమారుడు రాజభవనములను వెదకికొని పోలేదు. ఆ మరను, ఆ కాలువను, వానమబ్బు క్రింది ఆ చేలనే జీవితమంతయు చిత్రించెను. ఈ పటములకై ఆయన స్వంతధనము వెచ్చించినను కొన్నవారు స్వల్పము. లూకాస్ 1881లో దిక్కులేనివారి శరణాలయమున కన్నుమూసెను. నేడో, ఆ పటములను ప్రదర్శనశాలలు పదిలపఱచుచున్నవి.

దీనితో మనకేమి పని యందురేమో! విమానాశ్రయమునకు సుమారు 5,500 ఎకరములు పోయినవి. అందు ఎందఱి చేలో, ఎందఱి బాటలో కలిసిపోయినవి. ఆ నేలను దినదినమును చూచిన స్త్రీలకు అది చిత్రమునకు తగినదని తోపకుండుటలో వింత లేదు. కాన్‌స్టబుల్ ఊరివారికిని ఆ కాలువగట్టు అట్లే తోచియుండును. అయినను అమ్మపల్లి సీతారామాలయపు గోపురమును కోనేరును, 1927లో పూర్తియైన హిమాయత్‌సాగరపు గట్టును, 250 కోట్ల యేండ్ల నాటి గండశిలలును ఆ స్టూర్ నదీతీరమునకు ఏమి తీసిపోవును?

కావున రెండు పనులు చేయుడు. మొదటిది, పాతపటమును కాపాడుట. భూతద్దముతో చూచినపుడు గీతలు గాక మఖమలువంటి మెత్తని నలుపు కనబడినచో అది మెజోటింటు కావచ్చును, తెలిసినవారికి చూపుడు. ఎండ తగులు గోడకు, చెమ్మ యెక్కు గోడకు తగిలింపకుడు. కాగితమును తడిగుడ్డతో తుడువరాదు, జిగురుతో అట్టకు అంటింపరాదు. అద్దము కాగితమునకు ఆనకుండ నడుమ అట్టచట్ర ముంచుడు. అద్దముపై నీరు చల్లక, పొడిగుడ్డతో తుడువుడు.

రెండవది, మీ యూరి చెఱువును, బావిని, వేపచెట్టును, ఇంటి యరుగును నేడే చిత్రింపుడు, లేదా ఛాయాచిత్రము తీయింపుడు. వెనుక చోటి పేరును, తేదీని, అచ్చట మెలగిన పెద్దల పేర్లను వ్రాయుడు. అత్తగారికిని అమ్మగారికిని జ్ఞాపకమున్న పొలముల పేర్లు అడిగి తెలిసికొనుడు. వారి తరువాత ఆ పేర్లు చెప్పువారుండరు. పరదేశపు పల్లె మన గోడమీద నుండుట తప్పు గాదు. దాని ప్రక్కన మన పల్లెకును చోటుండవలెనని మాత్రమే మా కోరిక.