మా తాతగారి పతకము

ఈ సంవత్సరము ఎనిమిదవ తరగతి బాలురను "మా యింటి పూర్వులు" అను విషయముపై వ్యాసము వ్రాయుమంటిని. అందొక బాలుడు తన ముత్తాత బర్మా యుద్ధములో పదిమంది జపానువారిని ఒక్కడే కూల్చెనని వ్రాసి తెచ్చెను. ఎర్రసిరాతో దిద్దబోతిని గాని చేయి సాగలేదు. ఏలయన ఆ వయస్సున నేనును అట్టి వ్యాసమునే వ్రాసి మా ఉపాధ్యాయునిచే మెప్పు పొందితిని. మా తాతగారు ఇంఫాలు ముట్టడిలో మూడు దినములు నీరు లేక నిలిచి పోరాడిరని అందు వ్రాసితిని. అందలి సత్యమెంతయో తెలిసికొనుటకు గత రెండు సంవత్సరములుగా ప్రయత్నించుచున్నాను. ఆ ప్రయత్నము వలన నాకు కలిగిన అభిప్రాయమును విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవించుకొనుచున్నాను. ఇంటిలో చెప్పుకొను యుద్ధకథను విని ఊరకుండరాదు. దానిని పరీక్షింపవలెను. పరీక్షలో కథ నిలువకపోయినను సరియే.

మా తాతగారిని నేను చూడలేదు. ఆయన 1950లో కాలము చేసిరి. అప్పటికి మా పెదతండ్రిగారికి ఆరేండ్లు, మా తండ్రిగారికి రెండేండ్లు. మా నాయనమ్మ కూలిపని చేసి బిడ్డలనిద్దరిని పెంచెను. ఇంఫాలు కథ ఆమె చెప్పినదే. తండ్రి లేని పిల్లలని ఎవరైన చులకన చేసినప్పుడెల్ల, "మీ నాయన ఎట్టివాడో వారికేమి తెలియును?" అని ప్రారంభించి ఆ కథ చెప్పెడిదట. ప్రతి క్రిస్మసు పండుగకు పెదతండ్రిగారు ఆ కథనే మాకు చెప్పి, రేకుపెట్టెలోని పతకమును తీసి చూపుదురు. పండుగకు ముందటి దినమున దానిని చింతపండుతో తోముట మా తల్లిగారి వంతు. (అట్లు తోమరాదని ఇప్పుడు చెప్పుచున్నాను. అంచున నున్న అక్షరములు అరిగిపోవును. మావి సగము అరిగినవి.)

దానిని మేము బర్మా పతకమని పిలిచెడివారము. అది బర్మా పతకము కాదు. బర్మా రణరంగమున పనిచేసినవారికి ఇచ్చిన "బర్మా స్టార్" ఆరు కోణముల కంచు నక్షత్రము. మా యింట నున్నది గుండ్రనిది; ఒక ప్రక్క ఆరవ జార్జి చక్రవర్తి శిరస్సు, రెండవ ప్రక్క భారతదేశపు పటము, క్రింద 1939–45 అని యున్నవి. ఇది "ఇండియా సర్వీస్ మెడల్". యుద్ధకాలమున మూడు సంవత్సరములు ఈ దేశములోనే, రణరంగమునకు వెలుపల పనిచేసిన భారత సైనికులకు దీనిని ఇచ్చిరి. దీనిని పొందినవాడు బర్మాకు పోనేలేదని చెప్పుటకు వీలులేదు. రెండును పొందినవారు కలరు. నక్షత్రము ఎచటనో పోయి యుండవచ్చునని నేనును కొన్నినాళ్లు ఆశపడితిని.

భూతద్దముతో అంచును పరిశీలించితిని. ఆ యుద్ధపు పతకములపై ఇంగ్లాండు సైనికులకు పేరులు చెక్కలేదు. భారత సైనికులకు చెక్కిరి. మనవంటి వెదకువారికి ఇది గొప్ప మేలు. అచ్చట ఒక సంఖ్యయు, ఒక పేరును, ఆర్. ఐ. ఎ. ఎస్. సి. అను అక్షరములును కనబడెను. అనగా రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్. సైన్యమునకు బియ్యము, పిండి, పప్పు, పశుగ్రాసము, పెట్రోలు సమకూర్చి లారీలపైనను కంచరగాడిదలపైనను చేరవేయు దళము. అంతకంటె నన్ను కలవరపెట్టినది ఆ పేరు. మేమెరిగిన తాతగారిది బైబిలు పేరు. అచ్చట నున్నది గ్రామదేవత పేరిట పెట్టిన పేరు. ఎనుబది సంవత్సరములుగా మేము పరాయివాని పతకమును తోముచుంటిమా యని ఒక రాత్రి నిద్ర పట్టలేదు.

యుద్ధమున మరణించినవాని జాడ తెలియుట సులభము. బ్రదికి వచ్చినవాని జాడ తెలియుటయే కష్టము. రెండవ ప్రపంచ యుద్ధమున సుమారు 25 లక్షల మంది భారతీయులు సైన్యమున పనిచేసిరి. సుమారు 87,000 మంది మడిసిరి. మడిసినవారి పేరులను 1917లో స్థాపితమైన యుద్ధసమాధుల సంఘము భద్రపరచినది. రంగూను సమీపమున టాక్యన్ శ్మశానవాటికలోని స్తంభములపై సమాధి తెలియనివారి పేరులే సుమారు 27,000 కలవు. ఇల్లు చేరిన లక్షలాది మందికి స్తంభము లేదు. అధికారుల విషయమున లండను నగరములో దస్తావేజులు లభించును. సాధారణ సిపాయి కాగితములు మాత్రము వాని దళపు రికార్డు కార్యాలయమునకే చెందినవి. అచ్చట ఇంటిపేరు చెప్పిన ప్రయోజనము లేదు, సంఖ్య కావలెను. మొదటి యుద్ధమునకు వెళ్లిన సుమారు 3,20,000 మంది పంజాబు సైనికుల వివరములు గల పుస్తకములు లాహోరు మ్యూజియములో నుండగా, 2021 నుండి వానిని అందరును చూచుటకు వీలు కలిగినది. అవి పంజాబు జిల్లాలవి. తెలుగు సిపాయి మనుమడు రేకుపెట్టెను, సంఘపు పుస్తకమునే నమ్ముకొనవలసి యున్నది. తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరము వంటి గ్రామము ఊరంతయు కలిసి తన సైనికులను తలచుకొని "మిలిటరీ మాధవరము" అను పేరు తెచ్చుకొన్నది. మనలో అనేకులకు అట్టి భాగ్యము లేదు.

నేను పాస్టరుగారి యనుమతితో మా సంఘపు బాప్తిస్మపు పుస్తకములను తిరుగవేసితిని. చెదలు తిన్న పుటలు తిన్నవి పోగా, 1938వ సంవత్సరపు పుటలో మా తాతగారి బాప్తిస్మము కనబడెను. పాత పేరు అను గడిలో పతకముపై నున్న పేరే యున్నది. గ్రామపు లెక్కలలో పాత పేరే నిలిచియుండుటచే సైన్యములో ఆ పేరుననే చేరిరి కాబోలు. నా మనస్సు కుదుటపడెను. సంతోషముతో మరికొన్ని పుటలు త్రిప్పితిని.

1944 మే 14వ తేది, ఆదివారము. శిశువు పేరు మా పెదతండ్రిగారిది. తండ్రి వృత్తి: సిపాయి. క్రింద తండ్రి సంతకము, వంకరగా, తెలుగులో.

ఇంఫాలుకు పోవు భూమార్గము 1944 మార్చి నెలాఖరున మూసికొనిపోయి, తిరిగి తెరువబడినది జూను 22వ తేదిన. ముట్టడిలో నున్న సిపాయి మే నెలలో మన దేవాలయమున బిడ్డను ఎత్తుకొని నిలువజాలడు. కథ అచ్చటితో పోయినది.

ఇది తెలిసిన బంధువులు కొందరు, "ఇప్పుడిది త్రవ్వుటవలన ఎవరి కడుపు నిండును?" అని నన్ను మందలించిరి. బియ్యపు బస్తాలు లెక్కించినవాడని లోకమునకు చాటనేల అనియు అనిరి. రెండవ మాట నాకు మిక్కిలి బాధ కలిగించినది. ఆ ముట్టడిలో లక్షకు పైబడిన సైనికులకు ఆహారము విమానములలో పోయెను. ఆ బియ్యమును ఈ దేశములో ఎవరో కొలిచి, కుట్టి, మోసి యుండవలెను గదా. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణము పైనను, కాకినాడ పైనను బాంబులు పడినవి. ఈ దేశమున నుండి పనిచేసినవారు యుద్ధమునకు దూరముగా నున్నవారని చెప్పుట తగదు. వారి పనిని దాచి లేని తుపాకిని చేతికిచ్చుట వారిని గౌరవించుట కాదు. అట్లని నాయనమ్మను నిందింపను. ఆమెకు మిగిలిన ఆస్తి ఆ కథ యొక్కటే. దానితో ఇద్దరు బిడ్డలను తలయెత్తుకొని తిరుగునట్లు చేసెను. కాని ఆమె అవసరము మనకు లేదు. ఈ పేరులతోను, సంఖ్యతోను నేను రికార్డు కార్యాలయమునకు వ్రాసితిని.

ఆ బాలుని వ్యాసముపై తప్పని గీత గీయలేదు. అంచున "నీకెవరు చెప్పిరి? వారికెవరు చెప్పిరి?" అని మాత్రము వ్రాసితిని. వాడు సెలవులలో అమ్మమ్మ ఊరికి పోయి అడిగి వచ్చెదనన్నాడు.

పుస్తకపు పుటను ఫోనులో చిత్రించుకొని పెదతండ్రిగారి యొద్దకు వెళ్లితిని. ఆయనకు ఎనుబది దాటినవి. అంతయు విని చాలసేపు మాటాడలేదు.

"అయితే అమ్మ నాకు అబద్ధము చెప్పినదా?" అనిరి.

నా యొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. సంతకమును పెద్దదిగా చేసి చూపితిని. కండ్లద్దములు తీసి తుడుచుకొని మరల చూచిరి.

"ఆ దినమున నన్ను ఆయనే ఎత్తుకొనెనా?"

"ఆయనే, పెదనాయనా. సెలవు పెట్టుకొని వచ్చియుందురు."

పతకమును తెమ్మని, అంచున నున్న సంఖ్యను మెల్లగా చదువుమనిరి. నేను చదువుచుండగా తమ బైబిలు మొదటి పుటలో, తండ్రి పేరునకు ప్రక్కన, ఒక్కొక్క అంకెయే వ్రాసికొనిరి.