భుజం మీద మచ్చ ఉన్నా టీబీ ఎందుకొస్తుంది?

సంజామల చుట్టుపక్కల ఏ ఊళ్లో చూసినా పిల్లల ఎడమ భుజం మీద శనగబద్దంత మచ్చ కనిపిస్తుంది. పుట్టగానే వేసే బీసీజీ టీకా గుర్తది. 'టీకా పడింది కదా, ఇక టీబీ రాదులే' అనుకుంటారు ఇంట్లోవాళ్లు. అదే మచ్చ ఉన్న కొడుకు ముప్ఫై దాటాక వారాల తరబడి దగ్గుతుంటే బీడీలను తిడతారే తప్ప టీబీ అని అనుమానించరు.

బీసీజీ పాత టీకా. 1921లో పారిస్‌లో ఒక పసిబిడ్డకు తొలిసారి ఇచ్చారు. మన దేశంలో 1948లో మొదలుపెట్టినప్పుడు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం ముందు వరసలో ఉంది. పసిపిల్లల్లో మెదడుకు పాకే టీబీని ఇది బాగానే అడ్డుకుంటుంది. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల దగ్గరే తేలిపోయింది. తమిళనాడులోని చెంగల్పట్టు ప్రాంతంలో 1968లో మొదలుపెట్టి రెండున్నర లక్షల మందికి పైగా జనం మీద పరీక్షిస్తే, పెద్దలకు రక్షణ దాదాపు లేదని తేలింది.

మరి కొత్త టీకా దేన్ని గురిపెట్టాలి? టీబీ క్రిమి ఒంటి మీద మైనం లాంటి మందపాటి కొవ్వు పొర ఉంటుంది. ఆ గోడలో అక్కడక్కడా ప్రోటీన్లు. క్రిమి జన్యుపటం 1998లో పూర్తయినప్పుడు దాదాపు 4,000 జన్యువులు బయటపడ్డాయి. అందులో ఇంచుమించు పదో వంతు పీఈ, పీపీఈ అనే రెండు ప్రోటీన్ కుటుంబాలకే కేటాయించి ఉంది. ఊరికే అంత ఖర్చు పెట్టదు కదా!

ఆ కుటుంబంలోదే పీపీఈ18. దీని గుట్టు హైదరాబాద్‌లో దొరికింది. సీడీఎఫ్‌డీలో సంగీతా ముఖోపాధ్యాయ బృందం 2009లో ఆ సంగతి ప్రచురించింది. క్రిములను మింగి చంపే కాపలా కణాలు మన ఒంట్లో ఉంటాయి. వాటి మీదుండే టీఎల్‌ఆర్2 అనే గ్రాహకానికి పీపీఈ18 అతుక్కుంటుంది. వెంటనే ఆ కణం ఇంటర్‌ల్యూకిన్-10 అనే పదార్థాన్ని వదులుతుంది. దాంతో రక్షణ వ్యవస్థ ఆవేశం చల్లబడుతుంది. కుక్కకు మాంసం ముక్క విసిరి ఇంట్లో దూరే దొంగ తెలివి ఇది. చంపాల్సిన కణంలోనే క్రిమి కాపురం పెట్టేస్తుంది.

విచిత్రమేమంటే, ప్రపంచం ఇప్పుడు ఎక్కువగా ఆశ పెట్టుకున్న ఎం72 టీకాలో సగం ఈ పీపీఈ18దే. మరో ప్రోటీన్‌తో అంటించి తయారుచేశారు. కుక్కను మచ్చిక చేసే ముక్కనే టీకాలో పెడితే ఎలా? టీకాలో క్రిమి ఉండదు. పైగా రక్షణ వ్యవస్థను రెచ్చగొట్టే మందు కలుపుతారు. దాంతో టీ కణాలు దొంగ ముఖాన్ని ముందే గుర్తుపెట్టుకుంటాయి. కెన్యా, దక్షిణాఫ్రికా, జాంబియాల్లో క్రిమి ఒంట్లో ఉండి జబ్బు పడని పెద్దలకు ఇచ్చి చూస్తే, దాదాపు మూడేళ్లలో జబ్బు బయటపడటం సుమారు సగానికి తగ్గిందని 2019లో వెల్లడైంది. ఇరవై వేల మంది వరకు పాల్గొనే పెద్ద పరీక్ష 2024 మార్చిలో దక్షిణాఫ్రికాలో మొదలైంది.

చిక్కు ఒకటుంది. పీపీఈ18 జన్యువు రోగులందరి క్రిముల్లోనూ ఒకేలా లేదని 2007లోనే తేలింది. దొంగ మీసం తీసేసి వస్తే కాపలా కణం పోల్చుకుంటుందా?

ఈలోగా రెండు వారాలు దాటిన దగ్గుకు ప్రభుత్వాసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితం. మందులూ ఉచితమే.