సెల్లు సైజు కాదు, వోల్టు చూడండి

తిరుత్తణి, తిరువళ్లూరు చుట్టుపక్కల పల్లెల్లో రాత్రిపూట మోటారు వేయడానికి చెరకుతోట గట్టెక్కే ప్రతి రైతుకూ, ఆఖరి రైలు దిగి చీకట్లో ఇల్లు చేరే ప్రతి మనిషికీ ఈ మాట ఇవాళే అందాలి. మీ బ్యాటరీ లైటులో ఉన్నది ఏ రకం సెల్లో తెలియకుండా దాన్ని ఛార్జింగులో పెట్టకండి.

మామూలు పెన్సిల్ సెల్లు 14 మిల్లీమీటర్ల లావు, 50 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. దాని వోల్టేజి 1.5. అచ్చం అదే కొలతలో దొరికే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లుది 3.2 వోల్టులు. మామూలు లిథియం సెల్లుది 3.7. మూడూ ఒకే గొట్టంలో చక్కగా దూరిపోతాయి.

పోయిన ఐప్పసి వానల్లో మా వీధి పెద్దాయన ఒకరు, వాకిట్లో పాడైన సోలారు దీపాలు విప్పి వాటిలోని రెండు సెల్లులూ తన చిన్న లైటులో వేసుకున్నారు. నొక్కగానే కళ్ళు జిగేలుమనేంత తెల్లటి వెలుగు. "చూడు నాయనా, కొన్ననాడు కూడా ఇట్లా వెలగలేదు" అని సంబరంగా నా చేతికిచ్చారు. తిప్పి చూసేలోపే ప్లాస్టిక్కు కాలిన వాసన, వెంటనే చీకటి. అవి ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులు. రెండు 3.2లు కలిపి, 3 వోల్టుల లైటుకు 6.4 వోల్టులు ఎక్కించాం. ఆ ఆరిపోవడం వాకిట్లో జరిగింది కాబట్టి సరిపోయింది. కట్లపాము తిరిగే వేళ మోటారు కొట్టం దారిలో జరిగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అలాగని ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు చెడ్డది కాదు. లిథియం సెల్లుల్లో మన ఊళ్ళకు సరిపడేది అదేనని నా గట్టి అభిప్రాయం. 1990ల్లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడినఫ్ బృందం దీన్ని వెలుగులోకి తెచ్చింది. 2019 నోబెల్ పంచుకున్న గుడినఫే ఆయన. కోబాల్టు కలిసిన మామూలు లిథియం సెల్లు బాగా వేడెక్కితే తనలోని ఆక్సిజన్‌ను తానే వదిలి మంటను ఎగదోస్తుంది. ఫాస్ఫేటు ఆ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టి ఉంచుతుంది. కత్తిరి ఎండల్లో తిరుత్తణి 40 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు కదా, ఆ గుణం మనకు అక్కరకొస్తుంది. పైగా వెయ్యిసార్లకు మించి ఛార్జి చేసుకోవచ్చు. నిల్వ మాత్రం తక్కువ. 18650 అనే సైజులో మామూలు లిథియం సెల్లు 3000 ఎంఏహెచ్ పైన ఇస్తే, ఇది 1500 దగ్గర ఆగుతుంది.

పెద్ద ప్రమాదం ఛార్జరుతోనే. ఐరన్ ఫాస్ఫేట్ సెల్లుకు 3.6 వోల్టుల దగ్గర ఛార్జింగు ఆగిపోవాలి. ఫోను బ్యాటరీ జాతి లిథియం సెల్లుకు 4.2 దాకా వెళ్ళాలి. 4.2 ఛార్జరులో ఐరన్ ఫాస్ఫేట్ పెడితే సెల్లు అవసరానికి మించి నిండుతుంది, లోపల గ్యాసు పుడుతుంది, మూత దగ్గర చిమ్ముతుంది. అందులోని ద్రవం మండే ద్రవమే. క్షేమమైన రకం అన్న పేరు తప్పుడు ఛార్జరు నుంచి ఎవరినీ కాపాడదు. ఇక పెన్సిల్ సెల్లునూ ఐరన్ ఫాస్ఫేట్ సెల్లునూ జోడీగా ఒకే లైటులో ఎప్పుడూ వేయకండి.

2022 మార్చిలో వేలూరులో, రాత్రి ఛార్జింగులో పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటరు అంటుకుని, ఆ పొగకు ఊపిరాడక ఒక తండ్రి, ఆయన కూతురు చనిపోయారు. స్కూటరు బ్యాటరీ పెద్దది, నిజమే. కానీ దాని లోపల వరసగా పేర్చి ఉండేవి ఇలాంటి లిథియం సెల్లులే. ఒక్క సెల్లు పొగ కూడా విషమే. అందుకే పరుపు మీద, దిండు పక్కన ఛార్జింగు వద్దు. గచ్చు మీద, మీరు మేలుకుని ఉన్నప్పుడే పెట్టండి. ఉస్సుమని శబ్దం వస్తే చేత్తో ముట్టుకోకండి. మెయిన్ ఆపి, ముందు పిల్లలను బయటికి పంపండి.

కొనేటప్పుడు తొందరపడకండి. బస్టాండు తోపుడుబండి మీద 9900 ఎంఏహెచ్ అని రాసిన 18650 సెల్లు నేనూ చేతిలో పట్టుకుని చూశాను. ఆ సైజులో అంత నిల్వ ఎవరూ పట్టించలేరు. అది అబద్ధం. అసలు ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు మీద ఐ.ఎఫ్.ఆర్. అని, 3.2 అని ఉంటుంది. బి.ఐ.ఎస్. ముద్ర పైన ఐ.ఎస్. 16046, కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నాయా చూడండి. లేకపోతే చెన్నై రిచీ స్ట్రీటులో కొన్నా, మన ఊరి అంగట్లో కొన్నా ఒకటే, వెనక్కి ఇచ్చేయండి.

ఇంకొకటి బాగా గుర్తుంచుకోండి. పెన్సిల్ సెల్లు మెల్లగా మసకబారి ముందే చెబుతుంది. ఐరన్ ఫాస్ఫేట్ చివరిదాకా ఒకే తీరున వెలిగి ఉన్నట్టుండి ఆరిపోతుంది. తోటకు పోయేవాళ్ళ జేబులో ఇంకో చిన్న లైటు ఉండాల్సిందే.

మనకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సెల్లు మీద మాత్రం ఇంగ్లీషు. చదవలేని పెద్దల కోసం పిల్లలు ఒక పని చేయాలి. 3.2 సెల్లుకూ దాని ఛార్జరుకూ ఎర్రటి గోళ్ళ రంగు చుక్క పెట్టండి. చుక్కకు చుక్క కలిస్తేనే ఛార్జింగు అని తాతకు, అవ్వకు చెప్పండి. ఈ రాత్రే లైటు విప్పి చూడండి. సెల్లు మీద 3.2, ఛార్జరు మీద 4.2 కనబడితే ఆ ఛార్జరును దాని దగ్గరికి రానివ్వకండి.