నీళ్లలోకి దిగే ముందు లెన్సులు తీయించారా?

వేసవి సెలవులొస్తే పిల్లలకు నీళ్లమీదే ధ్యాస. తువ్వాళ్లు, టోపీలు, మార్చుకునే బట్టలు, పులిహోర డబ్బా అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుతాం. కానీ కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునే పిల్ల ఇంట్లో ఉంటే ఒక ముఖ్యమైన సంగతి మర్చిపోతాం. నేనూ మర్చిపోయాను. మీరు మర్చిపోకూడదనే ఈ వారం ఈ కబురు.

పోయిన వేసవిలో విశాఖ వెళ్లినప్పుడు రుషికొండ బీచిలో మా అమ్మాయి లెన్సులతోనే నీళ్లలో దిగింది. "కళ్లజోడుతో ఫొటోలు బాగుండవమ్మా" అంది. ఓ పెద్ద అల వచ్చి మొహాన కొట్టింది. కళ్లు మండి గట్టిగా నలుపుకుంది. ఒక లెన్సు సముద్రం పాలు! గదికొచ్చాక రెండోదాన్ని కుళాయి నీళ్లతో కడిగి పెట్టుకోమని సలహా ఇచ్చింది ఎవరనుకున్నారు? నేనే! తెల్లారేసరికి ఆ కన్ను చింతనిప్పులా ఎర్రబడింది. వెలుతురు చూడలేక పిల్ల ఏడుస్తుంటే నా గుండె జారిపోయింది. వెంటనే కంటి డాక్టరుగారి దగ్గరకు పరుగెత్తాం కాబట్టి మందులతో గండం గడిచింది. ఆలస్యం చేసి ఉంటే నల్లగుడ్డు మీద పుండు పడేదన్నారాయన.

అసలు కారణమేమిటంటే, మెత్తటి లెన్సు నీళ్లు పీల్చే ప్లాస్టిక్‌తో చేసింది. 1961లో దీన్ని తయారుచేసిన చెక్ శాస్త్రవేత్త ఓటో విక్టెర్లే ఎంచుకున్నది అలాంటి పదార్థాన్నే. నీళ్లతోపాటు అందులోని క్రిములూ లెన్సును పట్టుకుని కంటికి అంటుకునే ఉంటాయి. వాటిలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి మహా మొండిది. చెరువులో, సముద్రంలో, ఈతకొలనులో, ఆఖరికి మన కుళాయి నీళ్లలో కూడా ఉంటుంది. ఈతకొలనులో కలిపే క్లోరిన్‌కీ ఓ పట్టాన చావదు. ఈ జబ్బు అరుదే గానీ, వస్తే నెలల తరబడి మందులు వాడాలి. చూపే పోవచ్చు.

అందుకని ఈ జాగ్రత్తలు పాటించండి.

* స్నానానికైనా, ఈతకైనా ముందే లెన్సులు తీసేయాలి. చూపు సరిగా ఆనకపోతే పవరు ఉన్న ఈత కళ్లద్దాలు చేయించుకోవచ్చు.

* లెన్సుతో ఉండగా నీళ్లు పడితే కన్ను నలపకూడదు. మంచినీళ్లు తగిలితే లెన్సు కంటికి బిగుసుకుపోతుంది. లాగితే నల్లగుడ్డు గీసుకుపోతుంది. లెన్సులవాళ్లు వాడదగ్గ చుక్కలు వేసి, కాసేపాగి, అది కదులుతోందని తెలిశాకే తీయాలి.

* తీసిన లెన్సు ఒక్కరోజు వాడేదైతే పారేయండి. నెల రోజులదైతే కొత్త సొల్యూషన్‌తో రుద్ది కడిగి, దానిమీద రాసినంతసేపు నానబెట్టాలి. కుళాయి నీళ్లు, ఇంట్లో కలిపిన ఉప్పునీళ్లు, ఉమ్ము వద్దే వద్దు.

* చేతులు సబ్బుతో కడుక్కుని, పొడిగా తుడుచుకున్నాకే లెన్సు ముట్టుకోవాలి. డబ్బాలో పాత సొల్యూషన్ మీద కొత్తది పోయకూడదు. మూడు నెలలకోసారి డబ్బా మార్చాలి.

మరి పడవ వెనక తాడు పట్టుకుని నీళ్లమీద జారే వాటర్ స్కీయింగ్ సరదా ఉన్న పిల్లలైతే? ఆ వేగానికి నీళ్లు మొహాన ఛెళ్లున కొడతాయి. పడితే లెన్సు పోనూ పోతుంది, కంటికి దెబ్బా తగులుతుంది. దీనికి మామూలు ఈత కళ్లద్దాలు పనికిరావు. పడ్డప్పుడు అవి కంటి గూటిలోకి నొక్కుకుంటాయి. చుట్టూ మెత్త, వెనక పట్టీ ఉండి, పగలని పాలీకార్బొనేట్ అద్దాలతో నీటి ఆటల కోసమే చేసినవి దొరుకుతాయి. అవసరమైతే వాటికి పవరు కూడా వేయించవచ్చేమో కళ్లద్దాల షాపులో అడగండి.

ఇన్ని చేసినా కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, మసకగా కనిపించినా, వెలుతురు భరించలేకపోయినా లెన్సు తీసి ఆ రోజే డాక్టరుకు చూపించండి. చనుబాలు, తేనె, పక్కింటివాళ్ల చుక్కలు అంటూ సొంతవైద్యం చేయకండి. నీళ్లలో దిగిన సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

ఈసారి ప్రయాణానికి మా అమ్మాయి తనే ముందుగా కళ్లజోడు, లెన్సుల డబ్బా సంచిలో పెట్టుకుంది. కళ్లజోడుతో దిగిన ఫొటో మా హాల్లో పెట్టాం. ఎంత బాగుందో!